ఇసుక కుండలో బ్యాటరీ

"మరీ అడుగంటా ఖాళీ అయిపోయిన బ్యాటరీని ఛార్జరు తీసుకోనంది. ఇది వేరే రకం బ్యాటరీ అని సెట్ చేసి దాన్ని నమ్మించా," అన్నాడు కిప్కెమోయ్, పెరట్లో ఇసుక నింపిన కుండలో ఛార్జవుతున్న బ్యాటరీని చూపిస్తూ.

"ఉబ్బింది నాన్నా," అంది జెరుతో అనే అతని కూతురు. ఆ బ్యాటరీతో బొమ్మ విమానం ఎగరేయాల్సింది ఆమే.

"పాలు పోసుకునే సొరబుర్రంత ఉబ్బిందా ఏంటి? మన ఎల్డోరెట్ ఊరి పిల్లలంతా చర్చి మైదానంలోనే ఉన్నారు. విమానం ఎగరేసి చూపిస్తామని పాస్టరుకి మాటిచ్చా."

కాదంటే నాన్న పరువు పోతుంది. ఔనంటే ఆ ఉబ్బిన బ్యాటరీ పిల్లల నెత్తిమీద తిరుగుతుంది.

"మరి ఇంట్లో ఛార్జింగ్ పెట్టలేదేం?"

"అంటుకుంటే? లోపల మీ అమ్మ పడుకుని ఉంటే!"

తన మాట తనకే వినబడి కిప్కెమోయ్ తల దించుకున్నాడు. మెల్లగా ఛార్జరు ఆపేశాడు.

"మైదానానికి నువ్వూ రామ్మా, ఇవాళ విమానం ఎగరదని చెప్పి వద్దాం," అన్నాడు. "అంతమంది మొహాలు ఒక్కణ్ణే చూడలేను."