వంటావార్పులో ముఖాలు

ఆలేరు దగ్గర నిరసనకారులు రోడ్డు మీద వంటావార్పు పెట్టడంతో బస్సు ఆగిపోయింది. బస్సులో కిటికీ పక్కనున్న స్వరూప అలవాటుగా ఫోన్ కెమెరా ఎత్తి, రోడ్డుకు అడ్డంగా ఉన్న ముఖాలన్నిటి మీదా క్రిమినల్ కేసు పెట్టేసింది. ఇప్పుడు ఆ పని ఎవరైనా చేయవచ్చు, పోలీసులతో పనిలేదు. రోడ్డుకు అడ్డంగా ఉన్న ముఖం కెమెరాకు దొరికితే చాలు, ఆరు నెలల జైలు.

కాసేపటికి కిటికీ దగ్గరికి ఒక ముసలామె వచ్చింది.

“ఎండల ఎంతసేపు కూసుంటవ్ బిడ్డా? దిగి ఇంత తిను.”

ఆకలి మీదున్న స్వరూప దిగి, అందరితోపాటు రోడ్డు మీదే బంతిలో కూర్చుంది. పప్పన్నం కలుపుతుండగా ఫోన్ మోగింది. బస్సు వెనక ఆగిన కారాయన ఆమె మీద కేసు పెట్టాడని మెసేజ్. స్వరూప చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

ముసలామె ఫోన్‌లోకి తొంగిచూసి, ఇంకో గరిటె పప్పు వేసింది.

“తిను బిడ్డా, ఏం గాదు. నా మీద గూడ ఇందాకనే ఎవరో స్వరూపనట, పెట్టింది. అవును, నీ పేరేంది?”