పటంలో లేని దిబ్బ

ఆ ఏడు కొల్లేరు మూడోసారి పొంగేసరికి లంకలోని వాళ్లంతా గట్టు మీది శిబిరానికి వెళ్లిపోయారు. అక్కడ తను పెంచే బాతుల్ని రానివ్వరని సైదమ్మ ఒక్కతే ఆగిపోయింది. ఉపగ్రహపు రాడార్ గీసిన పటంలో ఆమె ఇల్లున్న దిబ్బ కూడా నీళ్లుగానే పడింది. బియ్యం పడవ కోసం వరద సాయం ఆఫీసుకు ఫోన్ చేస్తే, "మీరు చెప్పిన చోట నేల లేదు" అని యంత్రం జవాబిచ్చి పెట్టేసింది. పదకొండు రోజులు ఆమె బాతులతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

బియ్యం అడుగంటాయి. నిలబెట్టిన రేకులు రాడార్‌కు మెరుస్తాయని ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చి, ఇంటి కప్పు ఊడదీసి, రేకుల్ని దిబ్బ మీద ఒకదానికొకటి ఆనించి నిలబెట్టింది. ఆ తర్వాత కురిసిన వానంతా ఆమె నెత్తినే కురిసింది.

మూడోనాడు పొద్దున్నే ఫోన్ మోగింది. ఈసారి ఆఫీసు నుంచి ఒకమ్మాయి మాట్లాడింది.

"మీరప్పుడు చెప్పిన చోట, కొల్లేటి మధ్యలో ఏదో మెరుస్తోందండీ. అక్కడేముందో మీకు తెలుసా?"

"నేనున్నానమ్మా."

ఆ అమ్మాయి సాయంత్రానికల్లా పడవ వస్తుందని చెప్పి, "ఇంకేమైనా కావాలా అండీ?" అని అడిగింది.

"ఏం వద్దులేమ్మా. ఇంకాసేపు ఫోను పెట్టేయకు, అదే సాలు," అంది సైదమ్మ.