కుట్టే ఆవిడ రాసిన ఎపిసోడ్

టీవీ రచయితల సమ్మెకి అది నలభయ్యో రోజు. అంతరిక్ష నౌక సీరియల్ ఆపడం ఇష్టంలేక, నిర్మాత ఆ వారం ఎపిసోడ్‌ని వ్యోమగాముల దుస్తులు కుట్టే ఆవిడతో రాయించాడు.

"కథ రాయడమంటే సూదిలో దారం ఎక్కించడం అనుకుందేమో!" అని సమ్మె శిబిరంలో అందర్నీ నవ్వించాడు ఆ సీరియల్ రచయిత. మర్నాడు ఇంకాస్త నవ్విద్దామని, తప్పులు ఏరడానికి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాడు. పక్కనే అత్తగారు. మూడేళ్ళుగా ఆయన రాసిన ప్రతి ఎపిసోడ్‌కీ ఆవిడ కునికిపాట్లు పడుతూనే ఉంది.

తెర మీద, నౌకలో ఒంటరిగా మిగిలిపోయిన కెప్టెన్ చిరిగిన సూటు కుట్టుకుంటూ, భూమ్మీద ఉన్న కూతురితో మాట్లాడుతోంది. ఆ మాటలు చేరడానికి నాలుగేళ్ళు పడుతుంది.

"అప్పటికి నా మీద నీ కోపం పోయుంటుందిలే" అంటోంది.

ఎక్కడైనా కెప్టెన్ బట్టలు కుట్టుకుంటుందా అని ఆయన పెదవి విరిచాడు.

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళకి మీ కథ నాకు అర్థమైంది అల్లుడుగారూ! ఇది సమ్మెకి ముందే రాసిచ్చేశారా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అవునత్తయ్యా. ఒక్క పూటలో రాసేశాను."