ముంగిలి సోకు

ఏడాదిగా అమ్ముడుపోని మా ఇంటికి ముంగిలైనా కళగా ఉంటే బేరం తగులుతుందని, రిటైరైన నేనే పలుగూ పారా పట్టాను. నెల్లాళ్లు నడుం విరగ్గొట్టుకుని పచ్చిక పరిచాను, గేటు నుంచి గడప దాకా బంతిమొక్కలు నాటాను.

ఇల్లు చూడ్డానికొచ్చినావిడ గేటు దగ్గరే ఆగిపోయింది. "ఎంత బావుందో! ఇక వేరే ఇల్లు చూడం," అని, మట్టి కొట్టుకుపోయి ఉన్న నా వైపు తిరిగింది. "తోటమాలీ, మేం వచ్చాక కూడా నువ్వే పని చెయ్యాలయ్యా. నిన్ను మాత్రం వదులుకోం."

నా భార్య నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది. ఈ ఇంటి యజమానిని నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను.

ముప్పై ఏళ్లు ఆఫీసరుగా వెలగబెట్టాను. నన్ను వదులుకోలేమని అక్కడ ఒక్కరూ అనలేదు.

"పొద్దున్నే ఎన్నింటికి రమ్మంటారమ్మా?" అన్నాను.