గద్ద లేచేదాకా

సొద్నోమ్ కళ్ల మీంచి బైనాక్యులర్ దించాడు.

"కూర్చునే ఉంది."

"లేస్తుందనుకున్నావా తమ్ముడూ? అదేమన్నా నీలా జీతానికి కూర్చుందా?" అన్నాడు బోరు రిగ్గు నడిపే పురెవ్. గుడారం ముందు ఉప్పేసిన పాల టీ కాస్తున్నాడు.

సొద్నోమ్‌కు కోపం రాలేదు. కోప్పడాలంటే తన మీదే కోప్పడాలి. గోబీ ఎడారిలో బొగ్గు కోసం బోర్లు వేసేచోట పశుపక్ష్యాదులకు హాని జరగకుండా కంపెనీకి నియమాలు రాసింది తనే. రాజధాని ఉలాన్‌బాతర్ ఆఫీసులో, హీటరు పక్కన కూర్చుని రాశాడు. గూట్లో గుడ్లుంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఐదు వందల మీటర్ల లోపు మనిషి అడుగు పెట్టకూడదు, ఇంజను మోగకూడదు. మూడు వందలు చాలదా అని ఎవరో అడిగితే, "ఐదు వందలు చేస్తే మన సొమ్మేం పోయింది?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టుకున్నాడు.

చలికాలం సెలవులయ్యాక మనుషులు తిరిగొచ్చేసరికి గద్ద గుడ్లు పెట్టేసి ఉంది. గుడారాలు పీకించి వెనక్కి జరిపించాడు. టేపు పట్టుకుని కొలిచిందీ తనే.

"నా గొర్రెతోలు కోటు అక్కడే ఉండిపోయింది. పాక్కుంటూ వెళ్లి తెచ్చుకోనా?" అన్నాడు పురెవ్.

"వద్దన్నా. ఒక్కసారి బెదిరి లేచిందంటే గుడ్లు చల్లబడిపోతాయి."

"నేను చల్లబడితే పరవాలేదన్నమాట."

సొద్నోమ్ తన కోటు విప్పి ఇచ్చాడు. నియమాల్లో ఆ సంగతి రాయలేదు.

ఫోన్ మోగింది. డైరెక్టర్.

"రేపు పొద్దున బోరు మొదలవ్వాలి. లేదంటే నీ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు."

"గుడ్లున్నాయి సార్."

"సరే, పక్షి జోలికి పోకండి. రిగ్గును లోయ అవతలికి తోలి అక్కడ వెయ్యండి. అక్కడ గూళ్లేమీ లేవుగా?"

"లేవు సార్. కానీ తోలలేం."

నియమాలు రాసిన చేత్తోనే రాజీనామా కూడా రాయాలేమో అనుకున్నాడు సొద్నోమ్.

"ఏం, టైర్లు పోయాయా?"

"బాగానే ఉన్నాయి."

"డీజిల్ లేదా?"

"ట్యాంకు నిండా ఉంది."

"డ్రైవరో?"

తను ఇచ్చిన కోటులో ముడుచుకుని టీ ఊదుకుంటున్న పురెవ్ వైపు చూశాడు. "ఖాళీగానే ఉన్నాడు సార్."

"మరేం రోగమయ్యా నీకు?"

సొద్నోమ్ గొంతు సవరించుకున్నాడు.

"అది గూడు కట్టుకున్నది మన రిగ్గు నెత్తి మీదే సార్."