స్టేట్ పెండింగ్

సిరిసిల్లల నర్సయ్య చీరెల దుకాణానికి వెబ్‌సైట్ చేసిచ్చింది అల్ఫియా. ఆర్డర్లు ఎక్కడో ఇరుక్కుంటున్నయని దాని సర్వర్‌కు జరిగేదంత రాసిపెట్టే కొత్త లాగింగ్ పెట్టింది. ఇగ ప్రతి ఆర్డర్ ముచ్చట ఖానాలు ఖానాలుగ, ఒక్క లైన్ల, టకటక స్క్రీన్ మీద పడుతది.

తెలంగాణ రాష్ట్రం కోసం దుకాణం ముంగట ఏసిన దీక్ష టెంట్ల పొద్దటిసంది ఉపాసమున్న నర్సయ్య లోపలికచ్చి స్క్రీన్ చూసిండు. ఏ లైన్ల చూసినా ఒక్కటే: స్టేట్, పెండింగ్.

“కంప్యూటర్‌కు గూడ తెల్సిందా బిడ్డా?”

“గది మన రాష్ట్రం కాదు కాకా. ఆర్డర్ ఎందాక అచ్చిందో చెప్తది.”

“మనది గూడ గందాకనే అచ్చింది.”

అల్ఫియా నవ్వుకుంట కోడ్‌ల తప్పు దిద్దింది. లైన్లు మారినయి: స్టేట్, కన్ఫర్మ్‌డ్.

నర్సయ్య చెప్పులు తొడుక్కోకుంటనే టెంట్ దిక్కు ఉరికిండు. “స్టేట్ కన్ఫర్మ్” అని మైకుల వినవడ్డది. డప్పులు మోగినయి.

అల్ఫియా ఉరికి పోయి చూస్తే, దీక్షల కూసున్నోళ్లందరు నిమ్మరసం తాగి మిర్చిబజ్జీల మీద పడ్డరు.

“కాకా, అవి చీరెల ఆర్డర్లే” అన్నది నర్సయ్య చెవుల.

“నాకెరుకే బిడ్డా. ఈళ్లందరికి గూడ ఎరుకే.” నర్సయ్య ఇంకో బజ్జీ అందుకున్నడు. “తిన్నంక మళ్ల పెండింగ్ పెట్టు.”