మూలనున్న మనిషి

హరిత క్యాన్వాస్ మీది పసివాడి తలను టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసింది. మూడోసారి.

"ఏంది బిడ్డా, గంత కష్టపడి గీసి తుడిచేస్తివి?"

గుమ్మంలో నెరిసిన గడ్డంతో ఒకాయన. చంకలో సంచి.

"ఎవరు కావాలె?"

"కిరాయికి జాగా ఉన్నదేమోనని..."

"లేదు. ఉన్న రెండర్రలు మా అమ్మకూ నాకే సాల్తలెవ్వు."

ఆయన కదల్లేదు. క్యాన్వాస్ వైపే చూస్తున్నాడు.

దాని పక్కన ఒక అచ్చు బొమ్మ, అయిదు వందల ఏళ్ల కింద ఇటలీలో వేసినదానికి నకలు. మరియమ్మ, ఒడిలో బాలయేసు, వెనక మూలన జోసెఫ్. ఆయిల్ రంగులు నేర్చుకోవడానికి హరిత దాన్ని చూసి దింపుతోంది. సోమవారం హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీ వాళ్లకు చూపించాలి. కుదిరితే సీటు.

"తలకాయ గుమ్మడికాయ లెక్క అయితాంది," అన్నాడాయన.

"నీకొస్తదా తాతా, బొమ్మలేసుడు?"

"చీరల మీదికి దింపేటోన్ని. గళ్లు కట్టుకోవాలె బిడ్డా."

సంచిలోంచి నూలు కండె తీశాడు. అచ్చు బొమ్మకూ, క్యాన్వాస్‌కూ అంచుల వెంట గుండుసూదులు గుచ్చి, అడ్డంగా నిలువుగా దారాలు కట్టాడు.

"ఒక్కో గడి చూసుకుంట దింపు."

గంటలో పసివాడి ముఖం కుదిరింది. హరిత నవ్వింది.

"మూలకున్న ఆయన ఎవరు?"

"ఆ పిల్లగాని తండ్రి."

"నీ దాంట్ల లేడేంది?"

"అక్కర లేదు."

"జాగా ఉన్నది గద. జర సన్నగనన్న పెట్టు."

హరిత ఆ మూలంతా నల్లరంగు పూసేసింది.

"మా బాపు నన్ను తొట్టెలల్నే ఇడిచిపెట్టి పోయిండు. మేం బతుకుతలేమా? బొమ్మ గూడ బతుకుతది. ఇగ నడువు తాతా, నాకు పనుంది."

ఆయన నూలు కండెను గడప మీద పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం బట్టల దుకాణంలో పని ముగించుకుని రాజమణి వచ్చింది. కూతురి బొమ్మ చూసి మురిసిపోయింది. దారాలను వేలితో తడుముతూ ఒక ముడి దగ్గర ఆగింది.

"ఇవి ఎవరు కట్టిండ్రు?"

"ఎవరో తాత. కిరాయికి జాగా అడిగిండు."

"ఎడమచేత్తోనా?"

"అవునమ్మా. నీకెట్ల ఎరుక?"

రాజమణి చెప్పులు కూడా తొడుక్కోకుండా భువనగిరి బస్టాండు దాకా పరుగెత్తింది. చంకలో సంచి ఉన్నాయన ఇందాకే బస్సెక్కాడన్నారు అక్కడివాళ్లు.

తిరిగి వచ్చి గడప మీది కండెను ఒళ్లోకి తీసుకుంది.

"తాత కాదు బిడ్డా... నీ ఇరవై ఒక్క దినం నాడు తొట్టెలకు గిట్లనే ఎడమకు తిప్పి ముడేసి, సూరత్ మిల్లులకు పోయిన మీ బాపు."